బస్సెక్కే పిల్లల కోసం మన ఇంటి చిట్కాలు

పొద్దున ఏడు దాటిందంటే లింగంపేట, తాడ్వాయి, నాగిరెడ్డిపేట, గాంధారి, ఏ రోడ్డు చూసినా పసుపు బస్సులే. ఊర్ల నుంచి ఎల్లారెడ్డికి, కామారెడ్డికి మన పిల్లలు చదువుకు పోయేది వాటిల్లోనే. బస్సెక్కించేదాకా మన పని, ఎక్కినంక స్కూలు పని అనుకుంటాం గానీ, ఒక డ్రైవరు, ఒక ఆయమ్మ కలిసి అంతమంది పిల్లల్ని ఎంతని చూస్తారు చెప్పండి? మనం ఇంట్లో, స్టాపు దగ్గర నాలుగు పనులు సరిగ్గా చేస్తే వాళ్ళ బరువు సగం తగ్గుతుంది. ఇవన్నీ నేను, మా వాడకట్టు ఆడవాళ్ళు పాటిస్తున్నవి. పెద్ద ఖర్చేమీ లేదు, కొన్నింటికి అసలు పైసా అక్కర్లేదు.

ఫీజు కట్టే ముందు

1. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో అయిపోతుంది, బడులు జూన్ 12న తెరుస్తారు. బస్సు ఫీజు కట్టే రోజే కొత్త ఫిట్‌నెస్ కాగితం ఫొటో అడిగి ఫోన్‌లో పెట్టుకోండి. కట్టకముందు అడిగితే రెండు నిమిషాల పని, కట్టినంక అడిగితే రెండు వారాలు తిరగాలి.

2. బస్సు నంబరు, డ్రైవరు, ఆయమ్మ, స్కూలు ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి, నాలుగూ ఫోన్‌లో 'బస్సు' అనే మాటతో మొదలయ్యేట్టు సేవ్ చేయండి. తొందరలో వెతుక్కునే పని ఉండదు. చదువురాని నానమ్మ ఫోన్‌లో అయితే నంబరుకు ఫొటో కూడా పెట్టండి.

3. మన దగ్గర స్కూలు బస్సు వయసు పదిహేనేళ్ళు దాటొద్దు, డ్రైవరు వయసు అరవై దాటొద్దు. ఆర్సీ మీద బండి తయారైన సంవత్సరం ఉంటుంది, ఒక్కసారి చూస్తే ఏడాదంతా నిశ్చింత.

4. బస్సు స్కూలుదా, కిరాయిదా అడగండి. కిరాయి బండైతే దాని మీద 'ఆన్ స్కూల్ డ్యూటీ' అని రాసి ఉండాలి, కాగితాలు కూడా స్కూలు దగ్గర ఉండాలి. ఏదైనా అయితే 'మాకు సంబంధం లేదు' అని ఎవరూ తప్పించుకోలేరు.

5. ఫీజు రసీదు మీద రూటు, స్టాపు పేరు రాయించుకోండి. నడుమ స్టాపు ఎత్తేసి 'మెయిన్ రోడ్డు మీదికి రండి' అంటే ఆ రసీదే మీ చేతిలో ఆధారం.

6. బడి తెరిచే ముందు ఒకసారి పిల్లను వెంటబెట్టుకొని పోయి ఆగి ఉన్న బస్సు చూసి రండి. కొత్తగా చేరే చిన్నపిల్లకు భయం పోతుంది, మొదటి రోజు ఏడుపు, ఆలస్యం రెండూ తప్పుతాయి.

7. బస్సు కింది మెట్టు నేల నుంచి 325 మిల్లీమీటర్లు, అంటే అడుగు మీద కొంచెం, దాటొద్దని నిబంధన. టేపు అక్కర్లేదు, యూకేజీ పిల్లను ఎక్కించి చూడండి. చేతులు ఆనించకుండా ఎక్కితే సరే, పాకి ఎక్కితే ఇంకో మెట్టు వేయించమనండి.

8. ఎమర్జెన్సీ డోర్‌ను 'ఉంది' అంటే ఊకోకండి, తెరిచి చూపించమనండి. చాలా బండ్లల్లో ఆ తలుపుకు అడ్డంగా సంచులో, స్టెప్నీనో పెట్టేస్తారు. పిడి తుప్పు పట్టి పెద్దవాళ్ళ చేతికే తిరగకుంటే పిల్లల చేతికి ఏం తిరుగుతుంది? రెండు చుక్కల నూనెతో అయ్యే పనికి ఎవరూ కాదనరు.

9. మంటలార్పే ఎర్ర సిలిండర్ మీద చిన్న గడియారంలాంటి మీటరు ఉంటుంది. సూది పచ్చ రంగులో ఉంటే పనిచేస్తుంది, ఎరుపులోకి జారితే మళ్ళీ నింపించాలి. చూడడానికి చదువు కూడా అక్కర్లేదు.

10. ఫస్ట్ ఎయిడ్ డబ్బా మూత తీసి చూడండి. దూది, గాజుగుడ్డ, అంటించే పట్టీలు, కత్తెర, డెటాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి, తేదీలు దాటి ఉండొద్దు. స్కూలు ఆలస్యం చేస్తే ఆ రూటు తల్లులంతా తలా ఇరవై రూపాయలు వేసుకుంటే డబ్బా నిండుతుంది. నింపింది మన పిల్లల కోసమే కదా.

11. టైరు గాడిలో వేలు పెట్టండి, గోరు దిగకుండా నున్నగా తగిలితే ఇన్‌చార్జికి చెప్పండి. వానకు అరిగిన టైరు బ్రేకు వేసినా ఆగదు.

12. కిటికీలకు అడ్డ ఊచలు ఉన్నాయో లేదో, మీ పిల్ల తల వాటిలో దూరుతుందో లేదో చూడండి. తల దూరేంత సందు ఉంటే ఇంకో ఊచ వేయించడం వెల్డింగ్ షాపులో చిన్న పని.

13. ఈ చూసే పనికి మనకు హక్కు ఉంది, మొహమాటపడకండి. నెలకోసారి తల్లిదండ్రుల కమిటీ బస్సును, డబ్బాను చూడాలని నిబంధనల్లోనే ఉంది. మొదటి శనివారం ఇద్దరు, వచ్చే నెల ఇంకో ఇద్దరు పోతే ఎవరికీ భారం కాదు.

పొద్దున ఇంట్లో

ఉరుకులాట ఉన్న ఇంట్లోనే ప్రమాదం ఎక్కువ. పిల్ల ఉరుకుతూ రోడ్డు దాటేది బస్సు తొందరగా వచ్చినందుకు కాదు, మన ఇంట్లో సాక్సు దొరకనందుకు.

14. సంచి, బూట్లు, సాక్సులు, ఐడీ కార్డు, నాలుగూ రాత్రే తలుపు పక్కన ఒక బుట్టలో పెట్టండి. పొద్దున పావుగంట మిగులుతుంది, కేకలు తగ్గుతాయి.

15. గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు పెట్టి, పిల్లలకు దాన్నే చూపించండి. బస్సు వచ్చే సరికి నడుచుకుంటూ పోయి నిలబడతారు.

16. అమ్మాయిల చున్నీని రెండు భుజాల దగ్గర, నడుము దగ్గర పిన్నుతో పెట్టండి. వేలాడే చున్నీ, సంచి పట్టీ తలుపులో ఇరుక్కొని బండి కదిలితే పిల్లను ఈడ్చుకుపోతుంది. వేలాడే పట్టీల కొసలను రబ్బరు బ్యాండుతో చుట్టేయండి.

17. సంచి బరువు తూచండి. 2017లో మన రాష్ట్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికైనా ఐదు కిలోలు దాటొద్దు. కిరాణం కాటా మీద పెట్టి ఆ ఫొటో క్లాసు టీచరుకు చూపిస్తే వాదనే అక్కర్లేదు. బరువు తగ్గితే మెట్టెక్కేటప్పుడు పిల్ల వెనక్కి తూలదు.

18. బస్సులో వాంతి చేసుకునే పిల్లకు పూరీ, బజ్జీ పెట్టకండి. అరగంట ముందు రెండు ఇడ్లీలో, ఉప్మానో పెట్టి, ముందు వరసలో కూర్చోబెట్టమని ఆయమ్మకు చెప్పండి. చేతిలో ఒక నిమ్మకాయ పెడితే గోకి వాసన చూసుకుంటుంది.

19. సంచి పక్క జేబులో ఒక గట్టి కవరు, పాత తువ్వాలు ముక్క మడిచి పెట్టండి. వాంతి వచ్చినా కిటికీలోంచి తల బయట పెట్టే అవసరం రాదు, బస్సు కడిగే పని కూడా తప్పుతుంది.

20. మన ఫోన్ నంబరు, పిల్ల బ్లడ్ గ్రూపు గుడ్డ ముక్క మీద పర్మనెంట్ మార్కర్‌తో రాసి బెల్టు లోపలి వైపు కుట్టండి. ఐడీ కార్డు పోయినా బెల్టు పోదు.

21. సంచి పైన పెద్ద అక్షరాలతో పేరు రాయకండి, లోపల రాయండి. పేరు పెట్టి పిలిస్తే చిన్నపిల్ల కొత్తవాళ్ళను కూడా తెలిసినవాళ్ళనే అనుకుంటుంది.

22. సంచి వెనక జానెడు మెరిసే రేడియం స్టిక్కర్ అంటించండి, ఆటో సామాన్ల షాపులో కొద్ది పైసలకే వస్తుంది. చలికాలం మన దగ్గర మంచులో ఎదుటి మనిషే కనపడడు, లైటు పడితే ఈ ముక్క దూరం నుంచే మెరుస్తుంది. స్కూలు బస్సుకు పసుపు రంగు పెట్టింది కూడా కనపడడానికే. 1939లో అమెరికాలో కూర్చొని ఆ రంగు తేల్చినప్పుడు పొద్దున మసక వెలుతురులో కనపడాలన్నదే లెక్క.

23. వానకు గొడుగు కాదు, రెయిన్‌కోటు కొనండి, అదీ పసుపో నారింజో. గొడుగు పిల్లకు రోడ్డును కనపడకుండా చేస్తుంది, నల్ల కోటు డ్రైవరుకు పిల్లను కనపడకుండా చేస్తుంది.

24. ఇయర్‌ఫోన్ ఇంట్లోనే పెట్టించండి. హారన్ వినపడని చెవితో రోడ్డెక్కొద్దు, పెద్దపిల్లలకు ఇది మరీ గట్టిగా చెప్పండి.

స్టాపు దగ్గర

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్తాను. బస్సు నడిచేటప్పటికంటే ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే పిల్లలకు గండం.

25. బస్సు ఆగే చోటు నుంచి పది అడుగులు వెనక్కి కొలిచి ముగ్గుపిండితో ఒక గీత గీయండి. పిల్లలంతా గీత లోపల వరసగా నిలబడాలి, బస్సు పూర్తిగా ఆగి, తలుపు తెరుచుకున్నాకనే గీత దాటాలి. మా వాడకట్టులో సోమవారం సోమవారం గీత కొత్తగా గీస్తాం. ఆ గీత గీసే పని పిల్లలకే ఇస్తే వాళ్ళే కాపలా కాస్తారు. వానాకాలం ముగ్గు నిలవదు, అప్పుడు పంచాయతీ వాళ్ళను అడిగి సున్నం పోయించండి.

26. రోజుకొక తల్లి వంతు పెట్టుకోండి. ఆరుగురు ఉంటే మీకు వారానికి ఒక్క పొద్దే పోతుంది, మిగతా ఐదు పొద్దులు ఇంటి పని చేసుకోవచ్చు.

27. చంకలోంచి దించిన చిన్నోడే అందరికంటే ప్రమాదంలో ఉంటాడు. అక్కను ఎక్కిస్తుంటే తమ్ముడు వెనక నుంచి నడిచొచ్చి బస్సు ముందుకో, చక్రం పక్కకో పోతాడు, డ్రైవరుకు కనపడడు. ఇలాంటి వార్త ఏటా పత్రికలో చదువుతూనే ఉన్నాం. చిన్నోణ్ణి చంక దించకండి, లేదా ఇంట్లో ఎవరికైనా అప్పగించి తలుపు గొళ్ళెం పెట్టి రండి.

28. బస్సు తలుపు ఏ వైపు ఉంటుందో ఆ వైపే పోయి నిలబడండి. రోడ్డుకు అవతల నిలబడి 'రా బిడ్డా' అని చేయి ఊపితే పిల్ల మనల్నే చూస్తుంది, వచ్చే లారీని చూడదు.

29. దాటాల్సి వస్తే బస్సు వెనక నుంచి ఎప్పుడూ వద్దు. ముందుకు పది అడుగులు నడిచి, డ్రైవరు మొహం కనపడే చోట ఆగి, అతను చేయి ఊపాకనే దాటాలి. చిన్నపిల్లలకు 'ఐదు పెద్ద అంగలు' అని నేర్పండి, లెక్కపెట్టుకుంటూ పోతారు.

30. 'బస్సు ఆగింది కదా, బండ్లు ఆగుతాయి' అనుకోవద్దని చెప్పండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళను అడగండి, అక్కడ మామూలు రోడ్ల మీద స్కూలు బస్సు ఎర్రలైటు వేసి ఆగితే రెండు వైపులా బండ్లు నిలబడాల్సిందే. మన దగ్గర బైకులు పక్క నుంచి దూసుకుపోతాయి కాబట్టి దిగే ముందు ఎడమ పక్కకు తొంగి చూడడం అలవాటు చేయండి.

31. పెన్సిలో, బాటిలో బస్సు కింద పడితే వంగి తీయొద్దు, డ్రైవరుకు చెప్పాలి. 'పోతే పోనీ, ఇంకోటి కొనిస్తా' అని ముందే మాటివ్వండి. తిట్లకు భయపడే పిల్లే చక్రం కిందికి వంగుతుంది.

32. స్టాపు దగ్గర బస్సు వెనక్కి తీసే పని ఉండొద్దు. తిప్పుకునే జాగా ఉన్న చోటికి స్టాపు జరపమని స్కూలును అడగండి. తప్పదంటే ఆయమ్మ దిగి వెనక నిలబడాలి, పిల్లలంతా అప్పటికే లోపల ఉండాలి.

33. భిక్కనూరు, సదాశివనగర్ వైపు 44వ నంబరు హైవే పక్క ఊర్లవాళ్ళు స్టాపును సర్వీసు రోడ్డు మీదికి, ఊరి వైపుకు పెట్టించుకోండి. ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా పరవాలేదు, హైవే దాటే పని తప్పుతుంది.

34. కోతలప్పుడు రోడ్ల మీద వడ్లు, మక్కలు ఆరబోస్తాం, చుట్టూ రాళ్ళు పెడతాం. స్టాపుకు అటు ఇటు ఇరవై గజాలు వదిలేయమని సర్పంచుతో డప్పు చాటింపు వేయించండి. ఆ ధాన్యం మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది, రాళ్ళు తప్పించబోతే పక్కకు పోతుంది.

35. చెరుకు నరికే రోజుల్లో ట్రాలీలకు వెనక లైటు ఉండదు. మన ఇంటి ట్రాలీ అయితే మనమే వెనక రేడియం స్టిక్కరు అంటిద్దాం. ఆ రోడ్డు మీద పోయేది మన పిల్లల బస్సే.

36. బస్సు ఆలస్యమైతే అందరూ డ్రైవరుకు ఫోన్ కొట్టొద్దు. గ్రూపులో ఒక్కరే ఇన్‌చార్జికి ఫోన్ చేసి కనుక్కొని మెసేజ్ పెట్టండి, పది ఫోన్లు ఒకటవుతాయి.

బస్సులో

37. నడిచే బస్సులో డ్రైవరుకు ఫోన్ చేయడం మనమే మానాలి. 'ఎక్కడున్నవ్ అన్నా' అని మనం అడిగితేనే కదా అతను ఫోన్ ఎత్తేది? ఆయమ్మ నంబరుకు చేయండి.

38. డ్రైవరు మారిన రోజు ముందే మెసేజ్ పెట్టమని స్కూలును పట్టుబట్టి అడగండి. 2014 జూలై 24న మాసాయిపేటలో కాపలా లేని గేటు దగ్గర స్కూలు బస్సును నాందేడ్ ప్యాసింజర్ గుద్దిన రోజు, రోజూ వచ్చే డ్రైవరు సెలవులో ఉన్నాడు, వేరే అతను నడిపాడు. పిల్లలతో పాటు డ్రైవరు, క్లీనరు ప్రాణాలు కూడా పోయాయి. అది మన కామారెడ్డి మీదుగా పోయే రైలు మార్గమే. కొత్త డ్రైవరు వచ్చిన రోజు దారి తెలిసిన ఆయమ్మో, టీచరో ముందు సీట్లో కూర్చోవాలని చెప్పండి.

39. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లను రైల్వే 2019 జనవరి నాటికి ఎత్తేసింది, కానీ వేసిన గేటు కింద దూరే అలవాటు మనం ఇంకా ఎత్తెయ్యలేదు. పిల్లలు బైకు మీద మన వెనక కూర్చొని ఉన్నప్పుడు గేటు కింద దూరకండి, చూసిందే నేర్చుకుంటారు.

40. స్కూలు బస్సులకు గంటకు 40 కిలోమీటర్లకు మించకుండా స్పీడ్ గవర్నర్ పెట్టాలని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. పెద్దపిల్లలకు మీటరు చూడడం నేర్పండి. ఎక్కువ పోతే బస్సులో గొడవ పడొద్దు, చోటు, టైము రాసుకొచ్చి ఇంట్లో చెప్తే మనం స్కూలుకు చెప్దాం.

41. తొమ్మిది, పది చదివే ఒక్కొక్కరికి ఒక చిన్నపిల్లను జత చేయమని ఆయమ్మను అడగండి. ఎక్కించడం, కూర్చోబెట్టడం, దింపడం వాళ్ళు చూసుకుంటారు, ఆయమ్మకు తలుపు దగ్గర చేతులు ఖాళీగా ఉంటాయి.

42. నడిచే బస్సులో చాక్లెట్ పుల్ల, చెక్కిన పెన్సిలు, పల్లీలు వద్దు. ఒక్క బ్రేకుకు పుల్ల గొంతులో గుచ్చుకుంటుంది, పల్లీ ఊపిరి గొట్టంలో పడుతుంది.

43. ఆయమ్మ చేతికి స్టాపుల వారీగా పేర్ల పట్టీ ఒక అట్ట మీద అంటించి ఇవ్వండి. ఎక్కినప్పుడు ఒక టిక్కు, దిగినప్పుడు ఒక టిక్కు. పిల్ల ఏ స్టాపులో దిగిందన్న గందరగోళమే ఉండదు. జిరాక్స్‌కు నెలకు ఐదారు రూపాయలైతే ఎక్కువ.

44. పిల్లలంతా దిగాక ఆయమ్మ చివరి సీటు దాకా నడిచి, సీట్ల కింద కూడా చూసి రావాలి. 2022 సెప్టెంబరులో ఖతార్‌లో మన కేరళ వాళ్ళ పాప, నాలుగో పుట్టినరోజు నాడే, బస్సులో నిద్రపోయి ఉండిపోతే ఎవరూ చూడలేదు, ఆ వేడికి ప్రాణం పోయింది. మన ఇండ్లల్లో గల్ఫ్‌లో మనిషి లేని ఇల్లు తక్కువ, అక్కడి ఎండ ఎట్లుంటదో వాళ్ళను అడగండి. మన మార్చి, ఏప్రిల్ ఎండలకు కూడా తలుపులేసిన బస్సు పొయ్యే.

45. ఒకవేళ లోపల ఉండిపోతే ఏం చేయాలో పిల్లకు నేర్పండి: డ్రైవరు సీటు దగ్గరికి పోయి, హారన్‌ను వదలకుండా నొక్కాలి. స్కూలును అడిగి ఒకసారి ప్రతి చిన్నపిల్లతో నిజంగా నొక్కించండి, ఆ నొక్కడం గుర్తుంటుంది.

46. పిల్ల రాని రోజు టీచరు నుంచి మెసేజ్ రావాలని, బడికి పంపని రోజు మనం పొద్దున్నే చెప్పాలని ఒప్పందం చేసుకోండి. ఎక్కిన పిల్ల క్లాసుకు రాలేదంటే గంటలో తెలిసిపోతుంది.

47. ఏడాదికి రెండుసార్లు ఎమర్జెన్సీ డోర్ నుంచి దిగే ప్రాక్టీసు పెట్టించండి. పెద్దపిల్లలు ముందు దిగి చిన్నవాళ్ళను అందుకోవాలి, సంచులు లోపలే వదలాలి. ఆటల పీరియడు ఒక్కటి చాలు.

వానలొచ్చినప్పుడు

2025 ఆగస్టు 27, 28 తేదీల వాన మనం మర్చిపోయేది కాదు. కామారెడ్డి కాలనీలు మునిగాయి, భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్ళు ఆగాయి, పోచారం దగ్గర ఎల్లారెడ్డి, మెదక్ రోడ్డు తెగింది. అందుకే ఈ నాలుగు మాటలు కొంచెం గట్టిగానే చెప్తున్నా.

48. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే బస్సు దాటొద్దు, అంతే. రెండడుగుల పారే నీళ్ళు పెద్ద కారునైనా తోసేస్తాయి, కింద కల్వర్టు ఉందో కొట్టుకుపోయిందో పై నుంచి ఎవరికీ తెలియదు.

49. 'ఇంకెప్పుడు తెస్తరు' అని డ్రైవరును తొందరపెట్టకండి. మన మాటకు జంకి అతను వాగులో దిగొద్దు. 'నిదానంగా రా అన్నా, పిల్లలు ఆడనే ఉండనీ' అనే మాట మన నోటి నుంచి రావాలి.

50. జూన్‌లోనే వాగుకు స్కూలు వైపున ఉండే బంధువుల పేరు, ఫోన్ నంబరు స్కూలులో రాసివ్వండి. దారి తెగిన రోజు పిల్లను ఎవరికి అప్పగించాలో సార్లు వెతుక్కోరు, రాత్రి మీరు కూడా నిమ్మళంగా ఉంటారు.

51. మీ రూటులో ఉన్న లో-లెవల్ వంతెనలు, కల్వర్టుల పేర్లు రాసి డ్రైవరుకు, ఇన్‌చార్జికి ఇవ్వండి. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో ఊరోళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

52. సెలవు వార్తను కలెక్టరు ప్రకటనలోనో, స్కూలు మెసేజ్‌లోనో చూసి నమ్మండి. పోయినేటి ఫార్వర్డు మెసేజ్ నమ్మి కొందరు పంపడం, కొందరు పంపకపోవడంతో బస్సు ఊకె తిరుగుతుంది.

53. సంచిలో ఒక జత పొడి బట్టలు పాలిథిన్ కవర్లో పెట్టండి. ఉరుములప్పుడు చెట్టు కింద కాదు, కిరాణం షాపు అరుగు మీద నిలబడాలని చెప్పండి. షాపాయనకు కూడా ముందే ఒక మాట చెప్పి పెట్టండి.

సాయంత్రం దిగాక

54. ఎవరు దింపుకుంటారో ఇద్దరి ఫొటోలు ఆయమ్మ ఫోన్‌లో ఉండాలి, వేరేవాళ్ళు వస్తే అప్పగించొద్దు. ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. 'అమ్మ పంపింది' అని ఎవరొచ్చినా ఆ మాట చెప్పకుంటే పిల్ల పోవద్దు.

55. 'బస్సు బాగుందా' అని అడిగితే 'ఊ' అంటారు. 'ఇయాల ఎవరి పక్కన కూర్చున్నవ్?' అని అడగండి. ఎవరైనా తాకారా, భయపెట్టారా అన్నది ఆ మాటల్లోనే బయటికొస్తుంది. తేడా అనిపిస్తే పిల్లను తిట్టకుండా 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసమే ఉన్న నంబరు.

56. డ్రైవరును, ఆయమ్మను పేరు పెట్టి, వరస కలిపి పలకరించండి, ఎండాకాలం చల్లని మజ్జిగ ఇవ్వండి. మర్యాద ఉన్న చోట మన మాట కూడా వింటారు.

ఆర్టీసీ, ఆటో, బైకు

57. 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ లేదు, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటే చాలు. మిగిలిన చార్జీ పైసలతో ఆధార్‌కు ప్లాస్టిక్ కవరు, సంచికి రేడియం వచ్చేస్తాయి.

58. బస్సు కిక్కిరిసి పిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే ఊకె తిట్టుకోవద్దు. ఏ స్టాపులో ఎంతమంది, ఏ టైముకు అని లెక్క రాసి, హెడ్‌మాస్టరు సంతకంతో కామారెడ్డి లేదా బాన్సువాడ డిపో మేనేజరుకు ఇవ్వండి. నోటి మాటకంటే లెక్క ఉన్న కాగితం తొందరగా కదులుతుంది.

59. ప్రభుత్వ బడి దూరంగా ఉన్న ఆవాసాల పిల్లలకు రవాణా భత్యం ఉంటుంది. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో జూన్‌లోనే హెడ్‌మాస్టరును అడగండి, అడగనివాళ్ళ పేరు తప్పిపోతుంది.

60. ఆటోలో డ్రైవరు పక్కన పిల్లను కూర్చోబెట్టనివ్వకండి, కుడి పక్కన అడ్డ కడ్డీ వేయించండి. ఎక్కువమందిని కుక్కితే తలా వంద ఎక్కువ వేసుకొని రెండో ఆటో మాట్లాడుకోండి. ఒక్క ఆసుపత్రి బిల్లు ముందు ఆ వంద ఏ లెక్క?

61. బైకు మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకు నడుముకు కట్టే బెల్టు, హెల్మెట్ ఉండాలి, వేగం 40 దాటొద్దు. 2023 ఫిబ్రవరి నుంచి ఇది నిబంధన.

62. 'బస్సు తప్పింది, నువ్వే నడుపుకొని పో' అని పదో తరగతి కొడుకు చేతికి బండి తాళం ఇవ్వకండి. పట్టుబడితే 25 వేల జరిమానా, జైలు శిక్ష మనకే పడుతుంది. బస్సు తప్పిన రోజు బడి మానేసినా నష్టం లేదు.

ఏదైనా జరిగితే

63. 108కి, 112కి ఫోన్ చేసి ముందు చోటు చెప్పండి: రోడ్డు పక్క కిలోమీటరు రాయి మీది నంబరు, దగ్గరి ఊరు. ఏడుస్తూ కథంతా చెప్తే అంబులెన్స్ ఆలస్యమవుతుంది.

64. పిల్లల్ని దింపాక బస్సు ముందో, వెనకో కాదు, రోడ్డు దిగి పొలం గట్టు వైపు దూరంగా కూర్చోబెట్టి తలలు లెక్కపెట్టాలి. దెబ్బ తగిలిన పిల్లను మంట, నీళ్ళ భయం ఉంటే తప్ప కదిలించకండి, మెడ పట్టి అసలే లేపకండి.

65. దారినపోయే వాళ్ళు సాయం చేయడానికి జంకొద్దని ఊర్లో చెప్పండి. ప్రమాదంలో గాయపడ్డవాళ్ళను ఆసుపత్రికి చేర్చిన మనిషిని కేసుల్లో ఇబ్బంది పెట్టొద్దని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చారు.

66. ఫిర్యాదును నోటితో కాకుండా తేదీ, బస్సు నంబరు, జరిగింది మూడు వాక్యాల్లో రాసివ్వండి. ముందు ఇన్‌చార్జికి, తర్వాత ప్రిన్సిపాలుకు, అప్పటికీ కదలకుంటే ఎంఈవోకు, కామారెడ్డి రవాణా శాఖ ఆఫీసుకు. మంచి పని చేసిన డ్రైవరు గురించి కూడా ఒక కాగితం రాయండి, మంచివాళ్ళు స్కూలు వదిలిపోకుండా ఉంటారు.

ఇవన్నీ ఒక్కరోజులో చేయనక్కర్లేదు అక్కా. ముగ్గు గీత రేపు పొద్దున్నే గీయండి, చంకలో చిన్నోణ్ణి దించకండి, వచ్చే శనివారం పక్కింటి వదినను తోడు తీసుకొని ఆ ఎమర్జెన్సీ డోర్ తెరుచుకుంటుందో లేదో చూసి రండి.